క్యాసనూరు అటవీ జ్వరం: అడవిలో కోతి చచ్చిన నాటికీ మనిషికి జబ్బు నిర్ధారణ అయ్యే నాటికీ ఇంత వ్యవధి ఎందుకు?

ప్రశ్న: అనంతపురం మాస్టారు

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. వైరస్‌ల వల్ల వచ్చే రక్తస్రావ జ్వరాల మీద ఒక ప్రత్యేక పాఠం సిద్ధం చేస్తున్నాను. ఆ మాట ఎత్తగానే పిల్లలు ఎబోలా అంటారు, మార్‌బర్గ్ అంటారు. మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడి, నేటికీ ఏటా మనుషులను మంచాన పడేస్తున్న క్యాసనూరు అటవీ జ్వరం పేరు మాత్రం తరగతిలో ఒక్కరికీ తెలియదు. మా ప్రాంతం నుంచి చలికాలంలోనూ ఎండాకాలం మొదట్లోనూ శృంగేరి, హొరనాడు, కొల్లూరు యాత్రలకు వెళ్ళేవారు చాలామంది ఉన్నారు. ఆ యాత్రా మార్గాలు ఈ జ్వరం ఉన్న మలెనాడు (కర్ణాటకలోని పశ్చిమ కనుమల కొండ ప్రాంతం) అడవుల మీదుగానే పోతాయి కాబట్టి, ఈ విషయాన్ని పిల్లలు తమకు సంబంధించినదిగానే తెలుసుకోవాలని నా కోరిక.

చదివినంతలో నాకు కొన్ని సందేహాలు మిగిలాయి. కోతులు చచ్చిపోవడమే ఈ జబ్బుకు ముందస్తు హెచ్చరిక అని అన్నిచోట్లా రాసి ఉంది. అరవై ఏళ్ళకు పైగా ఆ సంగతి తెలిసినప్పుడు, రోగులను గుర్తించడంలో ఇంకా ఆలస్యం ఎందుకు జరుగుతోంది? ఒకే రోగికి ఒక పరీక్షలో జబ్బు ఉన్నట్టు, మరో పరీక్షలో లేనట్టు ఫలితాలు రావచ్చని చదివాను. అందులో ఏది నమ్మాలి? దీనికి టీకా ఉండేదని కొందరు, దాన్ని ఆపివేశారని కొందరు రాస్తున్నారు, అసలు జరిగినదేమిటి? అనుభవం ఉన్నవారు తెలియజేస్తే పాఠంలో తప్పులు దొర్లకుండా చూసుకుంటాను.

సమాధానం: సుజాత (వైరాలజీ)

మాస్టారూ, నేను వైరస్ వ్యాధుల నిర్ధారణ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. పరీక్షల సంగతి వివరంగా రాస్తాను. కోతులు, ఈ వైరస్‌ను మోసే పిడుదుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికలో ఉన్నారు.

అయితే ముందుగా 1957 నాటి సంగతి కొంత చెప్పుకోవాలి. ఆ ఏడాది మొదటి నెలల్లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో, దాని చుట్టుపక్కల కొండముచ్చులు, కోతులు చచ్చి పడి ఉన్నాయన్న వార్తలు వచ్చాయి. అదే సమయంలో ఆ అడవి అంచు గ్రామాల్లో మనుషులకు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కొందరికి ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారడం కనిపించింది. భారత వైద్య పరిశోధన మండలి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి 1952లో పుణెలో నెలకొల్పిన వైరస్ పరిశోధన కేంద్రం (నేటి జాతీయ వైరాలజీ సంస్థ) బృందం టెల్‌ఫర్డ్ వర్క్ నాయకత్వంలో అక్కడికి చేరుకుంది. వారికి మొదట కలిగిన అనుమానం పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) మీద. దక్షిణ అమెరికా అడవుల్లో పచ్చజ్వరం వచ్చినప్పుడు కోతులు ఇలాగే రాలిపోతాయి. మన దేశంలో ఆ జబ్బు లేదు గాని దాన్ని మోయగల ఈడిస్ దోమ ప్రతి ఊళ్ళోనూ ఉంది. దాన్ని తట్టుకొనే రోగనిరోధక శక్తి మాత్రం ఎవరికీ లేదు. అది నిజంగా పచ్చజ్వరమే అయి ఉంటే ఏమి జరిగి ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది.

చచ్చిన కొండముచ్చు నుంచి తీసిన నమూనాలోనూ, రోగుల రక్తంలోనూ, అడవిలో ఏరిన పిడుదుల్లోనూ ఒకే వైరస్ దొరికింది. అది పచ్చజ్వరపు వైరస్ కాదనీ, ఫ్లావివైరస్‌లలో (డెంగీ, పచ్చజ్వరం వైరస్‌లు ఉన్న కుటుంబం) పిడుదుల ద్వారా వ్యాపించే శాఖకు చెందినదనీ, సైబీరియా ప్రాంతంలో కనిపించే రష్యన్ వసంత-గ్రీష్మ మెదడువాపు వైరస్‌కు దగ్గరి బంధువనీ తేలింది. ఆ శాఖ వైరస్ ఇంత దక్షిణాన ఉంటుందని ఎవరూ అనుకోలేదు. వలస పక్షుల మీద ఉన్న పిడుదులే దాన్ని తెచ్చి ఉంటాయా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో సలీం అలీ నడిపించిన పక్షుల వలస అధ్యయనానికి ఆ ప్రశ్నే ఒక ముఖ్య కారణం. మీరు జంతుశాస్త్రం చెబుతారు కనుక పిల్లలకు ఈ ముచ్చట నచ్చుతుంది. 1957లో 466 మందికి, మరుసటి ఏడాది 181 మందికి జబ్బు సోకినట్టు నాటి లెక్కలు చెబుతున్నాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఆ బృందం కోతినీ మనిషినీ పిడుదునూ ఒకేసారి, ఒకే చోట పరీక్షించింది. అందుకే అంతవరకు ఎవరికీ తెలియని వైరస్‌ను కూడా అంత త్వరగా పట్టుకోగలిగింది. నేడు కోతి మరణం అటవీశాఖకు, దాని శవపరీక్ష పశుసంవర్ధక శాఖకు, మనిషి జ్వరం ఆరోగ్యశాఖకు చెందిన విషయాలైపోయాయి. మీరు అడిగిన ఆలస్యంలో ఎక్కువ భాగం ఈ మూడింటి మధ్యనే జరుగుతుందని నా నమ్మకం.

ఇక పరీక్షల మాట. వైరస్ ఒంట్లోకి చేరిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం మొదలవుతుంది. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది, సుమారు పది పన్నెండు రోజుల వరకు కనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆర్టీపీసీఆర్ పరీక్ష నమ్మదగినది, ఎందుకంటే అది వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు సుమారు అయిదో రోజు నుంచి కనబడి, తరువాత కొన్ని నెలలపాటు నిలుస్తాయి. వాటిని ఎలైజా పరీక్ష పట్టుకుంటుంది. కాబట్టి మూడో రోజున ఐజీఎం లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. అలాగే మూడో వారంలో వచ్చిన రోగికి పీసీఆర్ ఫలితం లేదని వచ్చినంత మాత్రాన అతణ్ణి ఇంటికి పంపకూడదు. ఒకే రోగికి రెండు పరీక్షలు రెండు రకాల ఫలితాలు ఇస్తే అందులో ఒకటి తప్పని కాదు. అవి జబ్బు నడకలోని రెండు వేర్వేరు దశలను చూపుతున్నాయి. అందుకే మా దగ్గరికి వచ్చే నమూనా వెంట జ్వరం మొదలైన తేదీ తప్పనిసరిగా రాసి ఉండాలని కోరుతాము. ఆ గడి ఖాళీగా ఉన్న పత్రాలు వచ్చినప్పుడు, ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నిజంగానే తెలియదు.

ఈ జ్వరానికి మరో లక్షణం ఉంది. రోగుల్లో సుమారు పది నుంచి ఇరవై శాతం మందికి తొలి జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాలు హాయిగా తిరిగాక, మళ్ళీ జ్వరం వస్తుంది. ఆ రెండో దశలో విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వణుకు, మతి తప్పడం వంటి మెదడు సంబంధమైన లక్షణాలు కనిపిస్తాయి. అప్పటికి రక్తంలో వైరస్ దాదాపుగా ఉండదు కాబట్టి, ఆ దశలోనే మొదటిసారి పెద్దాసుపత్రికి వచ్చిన రోగికి పీసీఆర్ ఒక్కటే చేస్తే జబ్బు చేజారిపోతుంది.

నమూనా ప్రయాణం కూడా తక్కువ సమస్య కాదు. రక్తాన్ని చల్లగా ఉంచి, మూడు పొరల పెట్టెలో భద్రపరచి పంపాలి. ఈ వైరస్‌ను పెంచి పరిశోధించే క్రమంలో ప్రయోగశాల సిబ్బందికే జబ్బు సోకిన సందర్భాలు గతంలో చాలా ఉన్నాయి, కనుక వైరస్‌ను సజీవంగా పెంచే పనిని అత్యున్నత భద్రత గల ప్రయోగశాలల్లో మాత్రమే చేస్తారు. పూర్వం మలెనాడు పల్లె నుంచి పుణెకు నమూనా వెళ్ళి ఫలితం తిరిగి వచ్చేలోగా రోగి కోలుకోవడమో చనిపోవడమో జరిగిపోయేది. 2012లో జాతీయ వైరాలజీ సంస్థ రియల్‌టైమ్ పీసీఆర్, ఐజీఎం ఎలైజా పరీక్షలను ప్రచురించాక, శివమొగ్గలోనే వైరస్ నిర్ధారణ ప్రయోగశాల ఉండటం వల్ల, పరిస్థితి చాలా మెరుగుపడింది. ఆ తరువాత క్షయ నిర్ధారణకు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వాడే ట్రూనాట్ యంత్రంపైనే ఈ జ్వరాన్ని గుర్తించే పరీక్షను కూడా తయారుచేశారు. అది బ్యాటరీతో నడుస్తుంది, అడవి అంచు ఆసుపత్రిలోనే వాడుకోవచ్చు. 2003 నుంచి 2012 మార్చి వరకు నమోదైన 3,263 జ్వర కేసుల్లో ప్రయోగశాలలో నిర్ధారణ అయినవి 823 మాత్రమేనని గుర్తుచేసుకుంటే, దగ్గరలోనే పరీక్ష ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది.

సమాధానం: మడకశిర పశువైద్యుడు

సుజాత గారు చెప్పిన మూడు శాఖల మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మిగతా భాగం నేను రాస్తాను.

ఈ వైరస్‌ను మోసేది ప్రధానంగా హీమాఫైసాలిస్ స్పైనిజెరా అనే పిడుదు. మన వైపు కొందరు గోమారి అంటారు. దాని జీవితం నాలుగు దశలది: గుడ్డు, ఆరుకాళ్ళ లార్వా, ఎనిమిదికాళ్ళ నింఫ్, పెద్ద పిడుదు. వానలు మొదలయ్యాక పెద్ద పిడుదులు పశువుల మీద, అడవిలోని పెద్ద జంతువుల మీద రక్తం తాగి, నేలకు రాలి గుడ్లు పెడతాయి. వానలు వెనకబడ్డాక లార్వాలు పుట్టి ఎలుకలు, చుంచులు వంటి చిన్న జంతువులను, కోతులను పట్టుకుంటాయి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి అవి నింఫ్ దశకు చేరుకుంటాయి. మనిషిని కుట్టేది ఎక్కువగా ఈ నింఫ్‌లే. ఆవగింజ కంటే చిన్నవి కావడంతో కుట్టిన సంగతే చాలామందికి తెలియదు. ఈ జ్వరం డిసెంబరు నుంచి మే దాకా ఉండి, వానలు పడగానే తగ్గిపోవడానికి కారణం ఇదే. మలెనాడులో పోక తోటల ఎరువుకు, పశువుల కొట్టంలో పరుపుకు అడవిలోని ఎండుటాకులను ఊడ్చి తెచ్చుకుంటారు. కట్టెలు, తేనె, చింతపండు, జీడిగింజల కోసం అడవిలోకి వెళ్ళేది కూడా ఆ ఎండు నెలల్లోనే. పిడుదుల కాలం, మనిషి పనుల కాలం ఇలా ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి.

కోతి విషయం ఇక్కడే చెప్పాలి. కొండముచ్చుకు గాని, మామూలు కోతికి గాని ఈ వైరస్ సోకితే దాని రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. దాన్ని కుట్టిన ప్రతి పిడుదూ వైరస్‌ను పుచ్చుకుంటుంది. కోతి చచ్చి ఒళ్ళు చల్లబడగానే ఆ పిడుదులన్నీ ఆ చుట్టుపక్కల నేలమీదికి రాలి, తరువాతి జంతువు కోసం కాచుకుంటాయి. కోతి చచ్చిపడిన చోటు కొన్ని వారాలపాటు అడవిలోకెల్లా ప్రమాదకరమైన చోటు అవుతుంది. అందుకే కోతి శవం కనబడితే వెంటనే తెలియజేయాలి, శవపరీక్ష చేసి అవయవాల నమూనాలు పంపాలి, శవాన్ని కాల్చివేయాలి, చుట్టూ మలాథియాన్ అనే పురుగుమందు పొడి చల్లాలి, ఆ దారిన మనుషులను పోనివ్వకూడదు. శవం కుళ్ళిపోతే నమూనా పనికిరాదు. అప్పుడు ఆ నేల మీద తెల్లగుడ్డ ఈడ్చి పిడుదులను పట్టి పంపుతారు.

ఆ పని చేసేవారికి రక్షణ లేకపోతే ఏమవుతుందో 2012 చివర దక్షిణ కర్ణాటకలోని బందీపుర అడవిలో తెలిసింది. చచ్చిన కోతులను తీసి కాల్చే పని చేసినవారికే జబ్బు సోకింది. శివమొగ్గ చుట్టుపక్కల జిల్లాలకే పరిమితం అనుకొన్న జ్వరం అప్పటికే ఎంతో దక్షిణానికి చేరిందని ఆ సంఘటనతో అర్థమైంది. తరువాత నీలగిరుల్లో, కేరళలోని వయనాడులో, 2015లో గోవాలోని సత్తరి తాలూకాలో, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాలో బయటపడింది. సింధుదుర్గ్, గోవాల్లో జీడిమామిడి తోటల్లో పనిచేసేవారు ఎక్కువగా జబ్బుపడ్డారు. వైరస్ ఈ మధ్యనే అక్కడికి నడిచి వెళ్ళిందా, ఎప్పటినుంచో ఉండి పరీక్షలు లేక తెలియలేదా అన్నది వేరే చర్చ; రెండింటికీ చోటుందని నా అభిప్రాయం.

పశువుల గురించి ఒక మాట. ఆవు, గేదె ఈ జబ్బుతో చావవు, వాటి రక్తంలో వైరస్ కూడా అంతగా పెరగదు. కాని పెద్ద పిడుదులకు కడుపునిండా రక్తం దొరికేది వాటి మీదే. అడవిలో మేసివచ్చే మందల వల్ల పిడుదుల సంఖ్య పెరుగుతుంది, అవి ఇంటి కొట్టం దాకా వస్తాయి. అందుచేత మందలకు పిడుదుల మందు వేయడాన్ని, ముఖ్యంగా వానాకాలంలోనూ వానలు వెనకబడేటప్పుడూ, ఈ జ్వర నివారణలో భాగంగానే లెక్కించాలి. మార్చిలో మనుషులకు జ్వరాలు మొదలయ్యాక మందు చల్లడం మొదలుపెడితే, ఆ ఏడాది నింఫ్‌లు అప్పటికే అడవి నిండా ఉంటాయి. ఈ సంగతి సమావేశాల్లో ఎన్ని మార్లు చెప్పినా బడ్జెటు మాత్రం జ్వరాలు వచ్చాకే కదులుతుంది. ఇది నన్ను ఎంతో బాధపెట్టే విషయం.

సమాధానం: సాగర నివాసి

మా కుటుంబం రెండు తరాలుగా శివమొగ్గ జిల్లా సాగరలో ఉంటోంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా వైపు ఈ జబ్బును మంగన కాయిలె అంటారు, అంటే కోతి జబ్బు. టీకా గురించి మాస్టారు అడిగిన దానికి నాకు తెలిసినది రాస్తాను, ఎందుకంటే ఆ టీకా వేయించుకొన్నవారు, వద్దన్నవారు ఇద్దరూ మా ఇరుగుపొరుగే.

మొదట్లో, అంటే 1950ల చివర, బంధువైన వైరస్ కదా అని రష్యన్ మెదడువాపు టీకానే ఇక్కడివారికి ఇచ్చి చూశారు. అది పనిచేయలేదు. తరువాత ఈ వైరస్‌నే కోడిపిండపు కణాల్లో పెంచి, ఫార్మలిన్‌తో చంపి, మన దేశంలోనే టీకా తయారుచేశారు. 1990 నుంచి 1992 వరకు జరిగిన క్షేత్రపరీక్షలో ఒక మోతాదుతో 79.3 శాతం, రెండు మోతాదులతో 93.5 శాతం రక్షణ ఉన్నట్టు తేలింది. ఆ లెక్క మీదే ఏళ్ళ తరబడి టీకా కార్యక్రమం నడిచింది. కాని 2005 నుంచి 2010 మధ్య నిజంగా ఊళ్ళలో జరిగినదాన్ని పరిశీలించినప్పుడు, రెండు మోతాదులతో 62.4 శాతం, బూస్టరు కూడా వేయించుకొంటే 82.9 శాతం రక్షణే కనిపించింది. ఒక్క మోతాదుతో ఆగినవారికి చెప్పుకోదగ్గ రక్షణే కనబడలేదు.

ఇక్కడ ఆలోచించవలసినది మోతాదుల క్రమం. నెల తేడాతో రెండు, ఆరు నుంచి తొమ్మిది నెలలకు ఒక బూస్టరు, ఆ తరువాత ఏటా ఒకటి చొప్పున మరికొన్నేళ్ళు. సూది వేసిన చోట బాగా నొప్పి, వాపు ఉండేవి. కూలికి పోయేవారికి చేయి రెండు రోజులు లేవకపోతే ఆ రెండు రోజుల కూలి పోయినట్టే. మొదటి సూది వేయించుకొని రెండోదానికి రానివారు అనేకులు. అలా ఒక్క సూదితో ఆగినవారిలో కొందరికి తరువాత జ్వరం వస్తే, టీకా వేసినా జ్వరం వచ్చిందన్న మాట ఊరంతా పాకేది. దాని వెంట మూడో ఊరిలో టీకా శిబిరానికి జనం తగ్గేవారు. వీరిని మొండివారని నిందించడం నాకు నచ్చదు. పూర్తి వరుస వేయించుకొంటేనే రక్షణ అని ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పినా, అన్ని మార్లు పని మానుకొని రావడానికి ఎవరూ పరిహారం ఇవ్వలేదు.

మరో చిక్కు ఏమిటంటే, కోతులు చచ్చిన చోటు నుంచి అయిదు కిలోమీటర్ల పరిధిలోని గ్రామాలకు టీకా వేసే పద్ధతి ఉండేది. కోతి మరణం తెలిశాక మొదలుపెట్టిన టీకా, రెండో మోతాదు అయ్యి శరీరం సిద్ధమయ్యేలోగా, ఆ ఏటి జ్వరకాలం సగం గడిచిపోతుంది. 2018 చివర నుంచి 2019 వరకు మా తాలూకాలోని అరళగోడు ప్రాంతంలో జ్వరం విజృంభించినప్పుడు జనం ఈ సంగతిని కళ్ళారా చూశారు. పైగా టీకా బ్యాచీలు పొటెన్సీ (టీకా బలం) పరీక్షల్లో నిలవడం లేదన్న సంగతి బయటపడింది. చివరకు 2022లో ఆ పాత టీకాను ఆపివేశారు. కాబట్టి టీకా ఉండేదన్నదీ, ఆపివేశారన్నదీ రెండూ నిజాలే.

ప్రస్తుతం మా ఊళ్ళలో చేస్తున్నది పిడుదులను దూరంగా ఉంచే నూనె పంచడం. పూర్వం డీఎంపీ నూనె ఇచ్చేవారు. ఇప్పుడు రక్షణ పరిశోధన సంస్థ గ్వాలియర్ ప్రయోగశాల రూపొందించిన డెపా నూనె ఇస్తున్నారు. అడవికి వెళ్ళేముందు కాళ్ళకు, చేతులకు రాసుకోవాలి. వచ్చాక వేడినీళ్ళతో, సబ్బుతో స్నానం చేసి, వేసుకొన్న బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. మా అమ్మగారి తరంవారు అడవి నుంచి రాగానే పెరట్లోనే స్నానం చేసి ఇంట్లోకి వచ్చేవారు. మడి కోసం మొదలైన ఆ అలవాటు పిడుదుల విషయంలో కూడా మేలే చేసిందని అనుకొంటాను.

మాస్టారి మరో ప్రశ్న

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాఠానికి కావలసినదానికంటే ఎక్కువే అందింది. రెండు చిన్న సందేహాలు మాత్రం మిగిలాయి. యాత్రకు వెళ్ళివచ్చిన మనిషికి అనంతపురంలోనో కర్నూలులోనో జ్వరం వస్తే, ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగీ అనుకొనే అవకాశమే ఎక్కువ కదా. వైద్యుడికి ఏమి చెబితే సరైన దారిలో ఆలోచిస్తారు? అలాగే ఎబోలా లాగా ఇది మనిషి నుంచి మనిషికి సోకుతుందా? పిల్లలు తప్పకుండా అడుగుతారు. కొత్త టీకా గురించి తెలిసినవారు ఉంటే అదీ రాయగలరు.

సమాధానం: సుజాత (వైరాలజీ)

రెండో సందేహంతో మొదలుపెడతాను. క్యాసనూరు జ్వరం రోగి నుంచి మరో మనిషికి సోకినట్టు దాఖలాలు లేవు. రోగి పక్కన కూర్చొని సేవ చేయడానికి ఎవరూ భయపడనవసరం లేదు. రక్తాన్ని తాకేటప్పుడు ఆసుపత్రిలో ఎప్పుడూ పాటించవలసిన జాగ్రత్తలు చాలు. ఈ విషయాన్ని పాఠంలో గట్టిగా చెప్పండి, ఎందుకంటే రక్తస్రావ జ్వరం అనే పేరు వినగానే రోగిని వెలివేసే ప్రమాదం ఉంది.

అయితే పిడుదుల ద్వారా వచ్చే రక్తస్రావ జ్వరాలన్నీ ఇలాగే ఉంటాయని చెప్పకూడదు. క్రిమియన్ కాంగో జ్వరాన్ని కూడా పిడుదులే మోస్తాయి, అవి హయలోమా జాతివి. దాని వైరస్ వేరే కుటుంబానిది, అది రోగి రక్తం ద్వారా ఇతరులకు సోకుతుంది. 2011 జనవరిలో గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లాలో మన దేశంలో మొదటిసారి దాన్ని నిర్ధారించినప్పుడు, తొలి రోగికి చికిత్స చేసిన వైద్యుడు, సేవ చేసిన నర్సు కూడా ఆ జబ్బుతోనే మరణించారు. రోగి ఒంట్లో ఉన్నది ఏ వైరస్సో తెలియక ముందే చికిత్స చేయవలసి వచ్చేవారికి ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి కారణం తేలని రక్తస్రావ జ్వరం వచ్చిన ప్రతి రోగి దగ్గరా, నిర్ధారణ అయ్యేదాకా, చేతి తొడుగులు, మాస్కు, సూదుల విషయంలో పూర్తి జాగ్రత్త పాటించాలి.

ఇక డెంగీ సంగతి. మీ అనుమానం సరైనదే. రెండింటిలోనూ హఠాత్తుగా తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు ఉంటాయి, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గుతాయి, కాలేయపు ఎంజైములు పెరుగుతాయి. రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి కావడంతో యాంటీబాడీ పరీక్షల్లో ఒకదాన్ని చూసి మరొకటి అనుకొనే అవకాశమూ ఉంది. కాని కాలం తేడా ఉంది. మన ప్రాంతాల్లో డెంగీ ప్రధానంగా వానలతో పెరిగి చలికాలం వచ్చేసరికి తగ్గుతుంది, క్యాసనూరు జ్వరం వానలు పూర్తిగా పోయాకే మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో డెంగీ లాంటి జ్వరంతో వచ్చిన రోగికి డెంగీ పరీక్షల్లో ఏమీ తేలకపోతే, గడచిన రెండు వారాల్లో ఎక్కడికి వెళ్ళారని అడగడం తప్పనిసరి. అతడు శృంగేరి వైపు వెళ్ళివచ్చినా, దారిలో అడవిలో ఆగి ఎండుటాకుల మీద కూర్చొని భోజనం చేసినా, చచ్చిన కోతిని చూసినా, ఆ సంగతి వైద్యుడికి తానుగా చెప్పాలి. జ్వరం మొదలైన తేదీ కూడా చెప్పాలి. ఈ రెండు వివరాలు ఉంటే జిల్లా ఆసుపత్రి వైద్యుడు సరైన నమూనాను సరైన ప్రయోగశాలకు పంపగలడు.

నిర్ధారణ అయినా ఈ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు ఇంకా లేదు. ద్రవాలు, రక్తపోటు, రక్తస్రావం జాగ్రత్తగా కనిపెట్టుకొంటూ చేసే చికిత్సే ప్రాణం నిలుపుతుంది. మరణాలు మూడు నుంచి అయిదు శాతం వరకు ఉంటాయి. జ్వరం తగ్గడానికని సొంతంగా ఆస్పిరిన్ వంటి మాత్రలు మింగితే రక్తస్రావం పెరగవచ్చు, కనుక అది చేయకూడదు. మందు లేనప్పుడు నిర్ధారణ ఎందుకని కొందరు అడుగుతారు. రెండో దశ వస్తుందేమోనని రోగిని గమనించడానికి, అతడు తిరిగిన అడవిలో మిగతావారిని హెచ్చరించడానికి అది అవసరం.

సమాధానం: మడకశిర పశువైద్యుడు

కొత్త టీకా గురించి నేను రాస్తాను. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ కలిసి ఈ జ్వరానికి కొత్త నిర్జీవ టీకాను తయారుచేస్తున్నాయి. మా పశువైద్యులకు ఆ సంస్థ గాలికుంటు టీకా ద్వారా, మీకు కుక్కకాటు టీకా ద్వారా పరిచయమే. జంతువులపై ప్రయోగాలు ముగించుకొని మనుషులపై పరీక్షల దశకు చేరింది. పాత టీకాలా ఏళ్ళ తరబడి సూదులు కాకుండా, నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులుగా దీన్ని రూపొందించారు. సాగర మిత్రులు చెప్పిన కష్టాలు విన్నాక, మోతాదుల సంఖ్య తగ్గడమే దీనిలో అన్నిటికంటే విలువైన అంశమని నాకు అనిపిస్తోంది. అది అందుబాటులోకి వచ్చినా అక్టోబరు, నవంబరు నెలల్లోనే, కోతుల మరణాల కోసం ఎదురుచూడకుండా, అడవి అంచు గ్రామాలన్నిటికీ వేయాలి.

మన రాష్ట్రాల్లోకి రాగలదా అని పిల్లలు అడిగితే, ఈ వైరస్ ఇంతవరకు బయటపడిన చోట్లన్నీ పశ్చిమ కనుమలు, వాటిని ఆనుకొన్న అడవులేనని చెప్పండి. అడవుల్లో కోతులు గుంపుగా చచ్చిపోయిన సంగతి ఎక్కడ తెలిసినా, చేత్తో తాకకుండా అటవీశాఖకు, దగ్గరి పశువైద్యశాలకు తెలపాలని కూడా చెప్పండి.

సమాధానం: సాగర నివాసి

యాత్రికులకు ఒక వివరం చేర్చుతాను. గుడికి వెళ్ళి, సత్రంలో ఉండి, బస్సులో తిరిగి వచ్చేవారికి ప్రమాదం చాలా తక్కువ. జబ్బుపడేవారు దాదాపుగా అడవిలో పనిచేసేవారే. జలపాతం చూడటానికని కాలిబాటన లోపలికి నడిచేవారు మాత్రం నిండుగా బట్టలు వేసుకొని, పాంటు అంచును మేజోళ్ళలోకి దోపుకొని, ఎండుటాకుల మీద కూర్చోకుండా ఉండాలి. ఎక్కడైనా ఈ కాలిబాట మూసివేయబడింది అన్న ఆరోగ్యశాఖ బోర్డు కనబడితే వెనక్కి తిరగండి. అక్కడ కోతి చచ్చి ఉండవచ్చు. మా ఇళ్ళకు వచ్చే తెలుగు బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది, ఇక్కడి పాలు తాగవచ్చా అని. పశువుల పాల ద్వారా ఈ జ్వరం మనిషికి సోకినట్టు ఆధారాలు లేవు. ఎప్పటిలాగే కాచి తాగితే చాలు.